శనిని ఎవ్వరూ కొనరు

కాజీపేటల డీజిల్ కాలనీ దాటినంక
మూడో గల్లీ చివర మా రేకుల షెడ్డు.
ఒకప్పుడు అందుల స్కూటరుండేది.
ఇప్పుడు గ్రహాలుంటయి,
సగం కాలినయి, సగం చెక్కినయి.

కట్టె శౌరయ్య మామ తెస్తడు.
పట్టాల కిందికెల్లి పీకేసిన పాత దిమ్మెలు,
నల్లమద్ది.
నలభై ఏండ్లు గూడ్సుబండ్లను మోసిన కట్టె
రంపానికి తొందరగ లొంగదు.
కోస్తే ముందు తారు వాసన,
దాని కింద ఎన్నడో ఇంకిన వాన వాసన.
మేకు దిగిన బొక్కను పూడ్చనియ్యను.
చంద్రుని మీద మచ్చలు మనం పెట్టినయా, ఉండనీ.
ఒక దిమ్మెకు మూడు బొక్కలు వరుసగ ఉండె,
మూడు గాజుపూసలు పొదిగితే
గొర్రుకొయ్యలు తెల్లారేదాకా అక్కడనే ఆగినయి.

గాజు నాది.
సిగ్నళ్లు కరెంటుకు మారినంక
పాత దీపాల అద్దాలు తూకానికి పోయినయి,
కిలో పన్నెండు రూపాయలు.
ఎర్రది అంగారకుడికే అని తెలుస్తనే ఉన్నది.
పచ్చదాన్ని ఎండకు పట్టి బిత్తరపోయిన:
అది పచ్చ కాదు, నీలం.
వెనక కిరసనాయిలు దీపం పసుపుగ మండితేనే
డ్రైవరు కంటికి పచ్చగ కనపడేదట.
"గిన్నేండ్లు పొమ్మని చెప్పింది నీలమేనా జపమాలా"
అని శౌరయ్య మామ బీడీ ఆర్పి
అద్దాన్ని తిప్పి తిప్పి చూసిండు.
దానితోనే భూమిని చేసిన.

రాత్రి పదకొండు దాటితేగాని బట్టీ పెట్టను.
అప్పటికి గల్లీల బోరుమోటార్లు పడుకుంటయి,
వోల్టేజీ నిలబడతది.
ఏడువందల డిగ్రీల కాడ గాజు
ఎండల పన్న కుక్క లెక్క
ఒళ్లు వదిలి అంచులు సాగదీస్తది.
కరిగించుడు కష్టం గాదు.
చల్లార్చుడే.
మొదట్ల సిగ్నల్ గాజు, సీసా గాజు కలిపి కాల్చిన.
కలిసినట్టే కలిసి
మూడోనాడు పొద్దుగాల చాయ తాగుతుంటే
టప్పుమన్నయి.
ఒక్క వేడికి కలిసినయి గని
ఒక్క తీరుగ చల్లారలే.
ఇసుంటియి మా చుట్టాలల్ల గూడ చూసిన.

శనికి పదకొండు ఉంగరాలు పగిలినయి.
పన్నెండోది నిలిచింది,
బీరుసీసాల గోధుమరంగు, అంచుకు కొంచెం పొగ.
మామ లేతు మీద గుండు తిప్పితే
కట్టె లోపలి వలయాలే గ్రహం చారలైనయి.
మూడు ఇత్తడి తీగల మీద ఉంగరం
గుండును తాకకుండ తేలుతది.
నా చేతులు చేసినయాట్ల ఇంత చక్కనిది ఇంకోటి లేదు.

హన్మకొండ బట్టల దుకాణం నర్సింగరావు
గురుణ్ని, శుక్రుణ్ని కొని కారుల పెట్టుకున్నడు.
శని దిక్కు చూసి
ఎవరో పిలిచినట్టు వాకిట్లకు నడిచిండు.
పంటి డాక్టరమ్మ చాలాసేపు ఆగింది,
ఉంగరాన్ని వేలుతోని తాకింది గూడ,
"మా అత్తమ్మ ఒప్పుకోదు" అన్నది.
గుడిల పూజ అయినంక వచ్చిన సిస్టరమ్మ
శనికి, నాకు ఒకటే నవ్వు నవ్వి
తోకచుక్కను తీసుకపోయింది.
"పేరు మార్చి అమ్మరాదు, ఉంగరాల బంతి అను"
అన్నడు మామ.
అనబుద్ధి గాలే.

శనికి ఇనుమంటరు.
మా నాయన గ్యాంగ్‌మన్,
మా ఇంట్ల అన్నం ఇనుము మీదనే ఉడికింది.

రెండుంబావుకు రామగుండం దిక్కుకెల్లి
బొగ్గుబండి వస్తది.
ముందు రేకులు, తర్వాత బల్ల,
కడకు ఇత్తడి తీగలు వణుకుతయి,
ఉంగరం సన్నగ పలుకుతది,
ఆఖరి డబ్బా దాటినంక గూడ ఇంత సేపు.
కింద అట్టముక్క పెడితే మోగదన్నడు మామ.
పెట్టలే.

ఏడున్నరేండ్లు ఉంటడంటరు గదా.
వచ్చి రెండేండ్లే అయింది.